వైఫై మాటిమాటికీ తెగుతుంటే: లోపం ఫోన్‌దా, రౌటర్‌దా, లైన్‌దా?

ఫోన్‌లో వైఫై పోతూ వస్తూ ఉంటే చాలామంది మొట్టమొదట చేసేది ఫోన్‌ని రీసెట్ చేయడం. నిజానికి అది చిట్టచివర చేయాల్సిన పని. తెగడానికి నాలుగు చోట్లున్నాయి: ఫోన్ లోపల, ఫోన్‌కీ రౌటర్‌కీ మధ్య గాలిలో, రౌటర్‌లో, రౌటర్ నుంచి వీధిలోకి వెళ్ళే లైన్‌లో. ఎక్కడ తెగుతోందో తేల్చుకోకుండా కనబడిన సెట్టింగల్లా మార్చుకుంటూ పోతే, బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. నెల తర్వాత మళ్ళీ మొదలైతే మళ్ళీ అన్నీ నొక్కుకుంటూ కూర్చోవాలి. అందుకే ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చాక కనీసం సగం రోజు వాడి చూడండి.

ముందు ఎక్కడ తెగుతోందో పట్టుకోండి

నెట్ ఆగిన క్షణంలో స్క్రీన్ పైన వైఫై గుర్తు ఎలా ఉందో చూడండి. గుర్తే మాయమై ఆ చోట 4జీ అనో 5జీ అనో వస్తే, ఫోన్‌కీ రౌటర్‌కీ మధ్య బంధం తెగిందన్నమాట. అయితే ఫోన్ తనంతట తానే వైఫైని వదిలి మొబైల్ డేటాకి మారినా ఇలాగే కనబడుతుంది, దాని సంగతి ఫోన్ భాగంలో ఉంది. గుర్తు అలాగే ఉండి పక్కన ఆశ్చర్యార్థకం కనబడితే, లేదా నెట్‌వర్క్ పేరు కింద ‘నో ఇంటర్నెట్’ అని ఉంటే, రౌటర్ దాకా దారి బాగానే ఉంది, అవతలే ఏదో ఆగింది. ఐఫోన్‌లో ఆ ఆశ్చర్యార్థకం రాదు, సెట్టింగ్స్‌లో వైఫై పేజీ తెరిచి పేరు కింద ఏం రాసుందో చూడాలి.

అదే సమయంలో ఇంట్లో ఇంకో ఫోన్‌లోనో టీవీలోనో నెట్ వస్తోందా అని చూడండి. అన్నిట్లోనూ పోతే మీ ఫోన్‌ని వదిలేయండి, తప్పు దానిది కాదు. మీ ఒక్క ఫోన్‌లోనే పోతే, రెండో ఫోన్‌ని కూడా సరిగ్గా అదే గదిలో, అదే చోట, అదే నెట్‌వర్క్ పేరుకి కలిపి పోల్చండి. హాల్లో ఉన్న టీవీ బాగా ఆడుతోంది కాబట్టి పడగ్గదిలోని ఫోన్‌దే లోపమనుకుంటే లెక్క తప్పుతుంది.

ఇంకా కచ్చితంగా కావాలంటే పింగ్ చేసి చూడండి, అంటే ఒక చిరునామాకి చిన్న పలకరింపు పంపి బదులు ఎంతసేపట్లో వస్తుందో చూడటం. ప్లేస్టోర్‌లో, యాప్‌స్టోర్‌లో పింగ్ చేసే ఉచిత యాప్‌లు బోలెడున్నాయి. వైఫై వివరాల పేజీలో గేట్‌వే అని లేదా రౌటర్ అని ఒక చిరునామా ఉంటుంది. చాలా ఇళ్ళలో అది 192.168.1.1 లేదా 192.168.0.1, జియోఫైబర్ పెట్టెల్లో 192.168.29.1. ముందు ఆ చిరునామాని రెండు నిమిషాలు పింగ్ చేయండి, తర్వాత 8.8.8.8ని, అంటే బయట నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్‌ని చేయండి. రౌటర్ క్రమంగా కొన్ని మిల్లీసెకన్లలో బదులిస్తూ 8.8.8.8 మాత్రం బదులివ్వకపోతే లోపం లైన్‌దో నెట్ కంపెనీదో. రౌటర్ పింగే మధ్యమధ్య ‘టైమౌట్’ అంటుంటే గాలిలోనో రౌటర్‌లోనో ఫోన్‌లోనో ఉంది. రెండూ బాగా బదులిస్తున్నా పేజీలు తెరుచుకోకపోతే డీఎన్ఎస్ తేడా, అంటే సైట్ పేరుని అంకెల చిరునామాగా మార్చే చోట లోపం. అప్పుడప్పుడు ఒక పింగ్ 80, 100 మిల్లీసెకన్లు చూపిస్తే కంగారు పడకండి. బ్యాటరీ మిగల్చడానికి ఫోన్ రేడియో కునుకు తీసి లేస్తుంటుంది, అది రోగం కాదు.

ఏ సమయంలో పోతోందో కూడా రెండు మూడు రోజులు ఒక కాగితం మీద రాసుకోండి. ఈ ఒక్క పని సగం శ్రమ తగ్గిస్తుంది. గడియారం చూసినట్టు ప్రతి గంటకో రెండు గంటలకో పోతే రౌటర్‌లోని టైమర్లు కారణం. సాయంత్రం ఏడు నుంచి రాత్రి పదకొండు మధ్యే పోతే చుట్టుపక్కల ఫ్లాట్ల వైఫైల రద్దీ, లేదా కంపెనీ వైపు రద్దీ. ఒక్క గదిలోనే పోతే సిగ్నల్. మైక్రోవేవ్ ఓవెన్ తిరుగుతున్నప్పుడే పోతే ఆ ఓవెనే, ఎందుకంటే అది పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర, మీ 2.4 వైఫై ఉండేదీ అక్కడే. గాలివాన వచ్చిన రోజే పోతే స్తంభాల మీది కేబుల్‌ని అనుమానించండి.

లైన్‌లో, రౌటర్ పెట్టెలో

ఫైబర్ కనెక్షన్ ఉన్నవాళ్ళు పెట్టె మీద రెండు లైట్లు గుర్తుపెట్టుకుంటే చాలు. పాన్ అని ఉన్నది ఆగకుండా పచ్చగా వెలగాలి. ఎల్ఓఎస్ అని ఉన్నది అసలు వెలగకూడదు. అది ఎర్రగా మెరిస్తే వెలుతురు మీ ఇంటిదాకా రావడం లేదని అర్థం, ఫోన్‌లో ఏం చేసినా లాభం లేదు. ముందు పెట్టె వెనకాల గుచ్చిన సన్నటి ఫైబర్ తీగని చూడండి. సోఫా కాలి కింద నలిగిందా, తలుపు సందులో మడత పడిందా, మూరెడు తీగ మిగిలిందని బిగుతుగా చుట్టి మేకుకి తగిలించారా? ఫైబర్‌ని వంచాల్సి వస్తే వంపు నిమ్మకాయంత గుండ్రంగానైనా ఉండాలి, మడత పడకూడదు. చివరన పచ్చరంగు కనెక్టర్‌ని బయటికి లాగి మళ్ళీ ‘టిక్’ మనేదాకా నొక్కండి. దాని కొసని వేలితో తుడవొద్దు, వేలి జిడ్డే సిగ్నల్‌ని సగం తినేస్తుంది. కొసలోకి కన్ను పెట్టి చూడొద్దు, కంటికి కనబడని లేజర్ అందులో ఉంటుంది.

పాన్ లైట్ పచ్చగా ఉన్నా రోజుకి నాలుగైదుసార్లు పోతుంటే రౌటర్ పేజీలోకి వెళ్ళి ఆప్టికల్ ఇన్ఫర్మేషన్ లాంటి పేరున్న చోట ఆర్ఎక్స్ పవర్, అంటే పెట్టెకి అందుతున్న వెలుతురు బలం, అంకె చూడండి. ఇళ్ళలో ఎక్కువగా వాడే జీపాన్ రకం ఫైబర్ పెట్టెలకి అది −8కీ −27కీ మధ్య ఉండాలి. −18, −22 లాంటివి నిక్షేపం. −26, −27 దగ్గర ఊగిసలాడుతుంటే ఎండకీ గాలికీ కాస్త కదిలినా పడిపోతుంది. ఈ అంకె ఫోటో తీసి కంప్లయింట్‌లో పెట్టండి. ‘నెట్ రావట్లేదు’ అంటే రౌటర్ ఆపి వేయమంటారు, ‘ఆర్ఎక్స్ పవర్ −27.5 వస్తోంది’ అంటే స్ప్లైసింగ్, అంటే ఫైబర్ తీగలు అతికే పని, చేసే మనిషిని పంపుతారు.

రౌటర్ తనంతట తాను ఆగి మళ్ళీ లేస్తోందా అన్నది మరో ప్రశ్న. రౌటర్ పేజీలో అప్‌టైమ్ చూస్తే తెలుస్తుంది. మీరు ముట్టుకోకపోయినా అది ‘2 గంటలు’ అని చూపిస్తే, రెండు గంటల క్రితం పెట్టె రీస్టార్ట్ అయింది. దీనికి తరచూ అడాప్టరే కారణం. రెండు మూడేళ్ళు వాడాక అడాప్టర్ లోపలి కెపాసిటర్లు నీరసించి, లోడు పెరగ్గానే వోల్టేజీ పడిపోతుంది. కొత్తది కొనేటప్పుడు వోల్టేజీ అచ్చం అదే ఉండాలి, 12 వోల్ట్‌ల చోట 9 పెట్టకూడదు. ఆంపియర్లు పాతదానితో సమానంగానో ఎక్కువగానో ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. పిన్ను లావు, ప్లస్ లోపలా బయటా అన్న బొమ్మ కూడా సరిపోవాలి.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ ఒక్క క్షణంలో రౌటర్ ఆగి, మళ్ళీ లేచి లైన్ పట్టుకోవడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది. చాలా ఇళ్ళలో ‘వైఫై పోతోంది’ అంటే ఇదే. 12 వోల్ట్‌ల మినీ యూపీఎస్ పెడితే తీరిపోతుంది. కొనేటప్పుడు పెట్టె మీద రాసిన గంటలు నమ్మకుండా లోపలి బ్యాటరీ ఎన్ని వాట్-అవర్లో అడగండి. రౌటర్ 10 వాట్లు తింటుంటే 28 వాట్-అవర్ల బ్యాటరీ, నష్టాలు పోగా, రెండున్నర గంటల లోపే వస్తుంది. ఇక వేసవిలో టీవీ స్టాండ్ అరలో సెట్‌టాప్ బాక్స్ మీద రౌటర్ పెట్టడం దాన్ని ఉడకబెట్టడమే. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే చోటు మార్చండి.

గాలిలో తెగితే

అసలు తలనొప్పి ఎక్కువగా ఇక్కడే. ఫోన్‌లో కనబడే గీతల్ని నమ్మొద్దు, ఒక్కో కంపెనీ ఒక్కోలా గీస్తుంది. సిగ్నల్ బలాన్ని కొలిచే డీబీఎం అంకె చూడండి. ఆండ్రాయిడ్‌లో వైఫై అనలైజర్ యాప్ ఏదైనా చూపిస్తుంది. ఐఫోన్‌లో యాపిల్ వాళ్ళ ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ యాప్ వేసుకుని, సెట్టింగ్స్‌లో దాని పేరు దగ్గర వైఫై స్కానర్ ఆన్ చేయాలి. అంకెలు మైనస్‌లో ఉంటాయి, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ బలం. −50 అంటే బ్రహ్మాండం. −67 దాకా వీడియో కాల్ నిలుస్తుంది. −75 దాటితే నసుగుతుంది. −80 దాటాక తెగుతూ అతుక్కుంటూ ఉంటుంది. 10 తగ్గిందంటే బలం పదో వంతుకి పడినట్టు, కాబట్టి −70కీ −80కీ తేడా చిన్నది కాదు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. గీతలు చూపించేది రౌటర్ గొంతు మీకెంత వినబడుతోందన్నది మాత్రమే. మీ ఫోన్ గొంతు రౌటర్‌కి ఎంత వినబడుతోందో చూపించవు. ఫోన్ చిన్న బ్యాటరీతో, చిన్న యాంటెన్నాతో మాట్లాడుతుంది. అందుకే గీతలు మూడున్నా నెట్ కదలదు, రౌటర్‌లో పవర్ ‘హై’కి పెంచినా పెద్దగా ఒరగదు.  పెట్టెని దగ్గరికి తేవడమే మందు.

మనవైపు రౌటర్ ఎక్కడుంటుంది? కేబుల్ లాగిన కుర్రాడికి ఏ కిటికీ దగ్గరైతే ఆ కిటికీ దగ్గర, లేకపోతే గుమ్మం పైన. అది ఇంటికి ఒక మూల. సగం సిగ్నల్ వీధికి పోతుంది. ఇంటి నడుమన, మనిషి తల ఎత్తుకి కాస్త పైన ఉండేలా పెట్టించుకోండి. నాలుగు మీటర్ల ఫైబర్ తీగ ఎక్కువైతే పెద్ద ఖర్చు కాదు. ఇనప బీరువా, నిలువుటద్దం, ఫ్రిజ్, నీళ్ళ డ్రమ్ము, చేపల తొట్టి, వీటికి ఎదురుగా పెట్టొద్దు. లోహం తిప్పికొడుతుంది, నీళ్ళు పీల్చేస్తాయి. యాంటెన్నాలు నిటారుగా ఉంచితే సిగ్నల్ చుట్టూ బల్లపరుపుగా పరుచుకుంటుంది, పై అంతస్తుకి కావాలంటే ఒకదాన్ని అడ్డంగా పడుకోబెట్టండి. ఆర్‌సీసీ స్లాబు దాటించడం మాత్రం ఏ యాంటెన్నాకీ తేలిక కాదు. పైన పోర్షన్‌లో రోజూ వాడకం ఉంటే అక్కడికి ల్యాన్ కేబుల్ లాగి రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైఫై మాత్రమే పంచే పెట్టెగా, పెట్టుకోవడమే శాశ్వతమైన దారి. గోడకి గుచ్చే రిపీటర్లు చవకే గానీ, ఒకే రేడియోతో ఒక చేత్తో అందుకుని అదే చేత్తో అందిస్తాయి కాబట్టి వేగం సగానికి పడుతుంది. పైగా రిపీటర్‌ని సిగ్నల్ లేని గదిలో పెడతారు, అక్కడ దానికే సిగ్నల్ లేకపోతే ఎవరికి ఇస్తుంది? సిగ్నల్ −65 ఉన్న చోట, మధ్యదారిలో పెట్టాలి.

ఇప్పుడు బ్యాండ్‌ల సంగతి, అంటే వైఫై నడిచే రెండు రేడియో దారులు. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, గోడలు దాటుతుంది, కానీ కిక్కిరిసి ఉంటుంది. బ్లూటూత్ కూడా అందులోనే. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకోగానే వీడియో ఆగుతుంటే కారణం ఇదే, ఫోన్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి కలిపితే వెంటనే తేడా తెలుస్తుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా, ఖాళీగా ఉంటుంది, కానీ రెండు ఇటుక గోడలకి నీరసిస్తుంది. ఈ రెండిటికీ ఒకే పేరు పెట్టే ‘స్మార్ట్ కనెక్ట్’ లేదా ‘బ్యాండ్ స్టీరింగ్’ అనే ఏర్పాటు కొత్త రౌటర్లలో ఆన్ అయి వస్తుంది. రౌటర్ ఒక బ్యాండ్ నుంచి తోస్తుంది, ఫోన్ మళ్ళీ వెనక్కి వస్తుంది, ఈ తోపులాటలో కనెక్షన్ తెగుతుంది. దాన్ని ఆపేసి రెండిటికీ వేరు వేరు పేర్లు పెట్టండి, 5 గిగాహెర్ట్జ్ దాని చివర్న 5జీ అని చేర్చితే సరి, ఇది మొబైల్ 5జీ కాదు. ఇది మోటు పద్ధతే. కానీ ఎక్కడ తెగుతోందో పట్టుకోవడానికి ఇంతకన్నా మంచిది లేదు. ఫోన్‌ని రోజంతా ఒక్క పేరుకే కలిపి ఉంచండి, రెండో పేరుకి ఆటో కనెక్ట్ తీసేయండి.

2.4లో మన దేశంలో 1 నుంచి 13 దాకా ఛానెళ్ళున్నాయి. పక్కపక్క ఛానెళ్ళ మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక వైఫై ఆక్రమించే వెడల్పు 20. అందుకే ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండేలా మామూలుగా వాడేవి 1, 6, 11. అందరూ 6లో ఉన్నారని 4కి పోతే బాగుంటుందనుకోవడం పొరపాటు. ఒకే ఛానెల్‌లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని వంతులేసుకుంటాయి. సగం సగం కలిసే ఛానెల్‌లో ఉన్నవాటికి ఎదుటిది రొదగా మాత్రమే వినబడుతుంది, 4లో ఉంటే 1 వాళ్ళ రొదా 6 వాళ్ళ రొదా రెండూ మీకే. అనలైజర్‌లో చూసి ఈ మూడిట్లో పలచగా ఉన్నది ఎంచుకోండి. వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి పెట్టండి. అపార్ట్‌మెంట్‌లో 40 పెట్టడం మీకూ పక్కవాళ్ళకీ నష్టమే. ‘ఆటో’లో వదిలేస్తే రౌటర్ ఒక్కోసారి 12కో 13కో పోతుంది. అమెరికాలో 11 దాకానే వాడుక కాబట్టి, అక్కడి నుంచి పిల్లలు పంపిన ఫోన్లలో కొన్నిటికి ఆ రెండు ఛానెళ్ళు కనబడవు. ఇంట్లో అన్ని ఫోన్లకీ వచ్చి అమెరికా ఫోన్‌కి మాత్రం నెట్‌వర్క్ పేరే కనబడకపోతే ముందు ఇదే చూడండి.

5 గిగాహెర్ట్జ్‌లో 36 నుంచి 48 దాకా, లేదా 149 నుంచి 161 దాకా ఉన్న ఛానెల్ పెట్టండి, వెడల్పు 80. మధ్యలో 52 నుంచి 144 దాకా ఉన్నవి రాడార్లతో పంచుకోవాల్సిన ఛానెళ్ళు. రాడార్ లాంటి శబ్దం వినబడితే, అది నిజం రాడార్ కాకపోయినా సరే, రౌటర్ తక్షణం ఆ ఛానెల్ ఖాళీ చేయాలి, అరగంట దాకా తిరిగి రాకూడదు. అలాంటి మరో ఛానెల్‌కి మారాలంటే కనీసం ఒక నిమిషం మౌనంగా విని మరీ మొదలుపెట్టాలి. మీకు కనబడేదేమో ‘5జీ పేరు ఉన్నట్టుండి మాయమైంది, ఓ నిమిషానికి వచ్చింది’. వెడల్పు 160 పెడితే 36లో ఉన్నా 64 దాకా పరుచుకుంటుంది, అంటే రాడార్ వాటాలోకి కాలు పెట్టినట్టే. వేగం పరీక్షలో అంకె పెద్దగా కనబడుతుందని 160 పెట్టుకుని తెగుతోందని బాధపడేకంటే 80 మేలు.

రౌటర్ పేజీలో మార్చాల్సినవి

బ్రౌజర్‌లో గేట్‌వే చిరునామా కొట్టి, పెట్టె కింద స్టిక్కర్ మీదున్న యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్ళండి. సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 అనే రెండు రక్షణ పద్ధతులు కలిపి ఉన్న మోడ్ ఉంటే, పాత ఫోన్లు కొన్ని దానితో పొసగక తెగుతుంటాయి. డబ్ల్యూపీఏ2-పీఎస్‌కే, ఏఈఎస్ అన్నదానికి మార్చి చూడండి. పీఎంఎఫ్ అనే మరో రక్షణ మీట ‘రిక్వైర్డ్’లో ఉంటే ‘కేపబుల్’కి తీసుకురండి. టీకేఐపీ అనే పాత రక్షణ పద్ధతి ఎక్కడ కనబడినా తీసేయండి, అది భద్రత తక్కువ, పైగా వేగాన్ని 54 ఎంబీపీఎస్ దగ్గర కట్టేస్తుంది.

ఠంచనుగా ఒకే వ్యవధిలో పోతోందని మీ కాగితం చెబుతుంటే చూడాల్సినవి రెండు. ఒకటి, గ్రూప్ కీ అప్‌డేట్ వ్యవధి. ఈ తాళంచెవి మారినప్పుడు కొన్ని ఫోన్లు సమయానికి బదులివ్వక బయట పడతాయి. మరీ తక్కువ అంకె ఉంటే 3600 సెకన్లకో అంతకు మించో పెంచండి. రెండు, డీహెచ్‌సీపీ లీజు. రౌటర్ ఫోన్‌కి ఇచ్చే చిరునామాకి గడువు ఉంటుంది. 120 నిమిషాలు ఉంటే 1440 చేయండి, అంటే ఒక రోజు.

‘ఆబ్టెయినింగ్ ఐపీ అడ్రస్’ దగ్గర ఆగిపోవడం, కలిసిన కాసేపటికి పోవడం, రెండు ఫోన్లలో వంతులవారీగా రావడం, ఇవి చిరునామాల గొడవలు. సీసీ కెమెరాల రికార్డింగ్ పెట్టె (డీవీఆర్) పెట్టిన మనిషి దానికి 192.168.1.100 లాంటి చిరునామా చేత్తో రాసి పోతాడు. రౌటర్ అదే చిరునామా మీ ఫోన్‌కి ఇస్తుంది. డీహెచ్‌సీపీ, అంటే రౌటర్‌లో చిరునామాలు పంచే ఏర్పాటు, వాడే వరసని 192.168.1.101 నుంచి 192.168.1.250 దాకా మార్చి, చేత్తో ఇచ్చేవన్నీ 100 లోపే ఉండేట్టు చూడండి. నెట్ కంపెనీ పెట్టె ఒకటి, సొంత రౌటర్ ఒకటి ఉన్న ఇంట్లో ఇంకో చిక్కుంది. కేబుల్‌ని ల్యాన్ నుంచి ల్యాన్‌కి గుచ్చి రెండిట్లోనూ డీహెచ్‌సీపీ ఆన్‌లో ఉంచితే, ఇంటికి ఇద్దరు పెద్దలై ఎవరికి తోచిన చిరునామా వాళ్ళు పంచుతారు. రెండో దానిలో డీహెచ్‌సీపీ ఆపేయండి, లేదా కేబుల్‌ని దాని వ్యాన్ పోర్టుకి, అంటే బయటి నెట్ లోపలికి వచ్చే పోర్టుకి, మార్చండి.

ఇక ఫోన్‌లో

ముందు ఆ నెట్‌వర్క్ పేరు మీద నొక్కి ‘ఫర్గెట్’ చేసి, పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టండి. రౌటర్‌లో సెక్యూరిటీ మార్చాక ఇది తప్పనిసరి, పాత వివరాలు పట్టుకుని ఫోన్ తడబడుతుంది. సేవ్ అయి ఉన్న పాత పేర్లు, రైల్వే స్టేషన్‌వి, హోటల్‌వి, పక్కింటివి, అన్నీ తీసేయండి.

తర్వాత, ఫోన్ తనే వైఫైని వదిలేస్తోందా చూడండి. నెట్ కాస్త నెమ్మదించగానే మొబైల్ డేటాకి దూకే మీట దాదాపు అన్ని ఫోన్లలోనూ ఉంది. శామ్‌సంగ్‌లో వైఫై పేజీలో మూడు చుక్కలు నొక్కి, ఇంటెలిజెంట్ వైఫైలో ‘స్విచ్ టు మొబైల్ డేటా’. షావోమీ, రెడ్‌మీలలో వైఫై పేజీలోనే అసిస్టెంట్ అని ఉంటుంది. పిక్సెల్‌లో అడాప్టివ్ కనెక్టివిటీ. ఐఫోన్‌లో మొబైల్ డేటా పేజీ అడుగున వైఫై అసిస్ట్. దీన్ని ఆపి ఒక రోజు చూడండి. డేటా ప్యాక్ సాయంత్రానికే అయిపోతుందని వాపోయేవాళ్ళు కూడా చూడాల్సింది ఇదే.

స్క్రీన్ ఆరితే వాట్సాప్ మెసేజ్‌లు రావు, స్క్రీన్ వెలిగించగానే పొలోమని వస్తాయి అంటే తరచూ అది వైఫై తెగడం కాదు. బ్యాటరీ ఆదా పేరుతో ఫోన్ ఆ యాప్‌ని నిద్రపుచ్చింది. యాప్ వివరాల్లో బ్యాటరీ దగ్గర ‘నో రిస్ట్రిక్షన్స్’ లేదా ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టండి.

వైఫై కలిసే ఉండి నెట్ లేదంటుంటే ప్రైవేట్ డీఎన్ఎస్ చూడండి. ప్రకటనలు రాకుండా చేస్తామన్న వీడియో ఏదో చూసి ఎప్పుడో పెట్టుకున్న చిరునామా అక్కడ ఉండొచ్చు. ఆ సర్వర్ అందకపోతే వైఫై ఎంత బాగున్నా ఒక్క పేజీ తెరుచుకోదు. ‘ఆటోమేటిక్’ పెట్టండి. వీపీఎన్ ఉంటే ఆపండి. తేదీ, సమయం తప్పుంటే సురక్షిత సైట్లేవీ తెరుచుకోవు, ఆటోమేటిక్‌కి మార్చండి.

హాస్టళ్ళలో, కాలేజీల్లో, ఆఫీసుల్లో రోజూ మళ్ళీ లాగిన్ అడుగుతుంటే మ్యాక్ చిరునామా, అంటే నెట్‌వర్క్ ఫోన్‌ని గుర్తుపట్టే సంఖ్య, సంగతి చూడాలి. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి, ఫోన్ తన అసలు మ్యాక్ చిరునామా దాచి, ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కో ఉత్తుత్తి చిరునామా చూపిస్తుంది. అది మారినప్పుడల్లా అక్కడి సిస్టమ్ మిమ్మల్ని కొత్త ఫోన్ అనుకుంటుంది. ఆ నెట్‌వర్క్ వివరాల్లో ప్రైవసీ దగ్గర ‘యూజ్ డివైస్ మ్యాక్’ ఎంచుకోండి. ఐఫోన్‌లో ప్రైవేట్ వైఫై అడ్రస్‌ని ఆపండి లేదా ‘ఫిక్స్‌డ్’ చేయండి. ఇంటి రౌటర్‌లో మ్యాక్ చిరునామా చూసి అనుమతించే మ్యాక్ ఫిల్టర్ పెట్టుకున్నా ఇదే మందు.

ఇంకో ఫోన్ హాట్‌స్పాట్ మీద నడుపుతున్నారా? ఎవరూ వాడకపోతే కొన్ని నిమిషాలకి హాట్‌స్పాట్ తనే ఆగిపోయే మీట ఆన్‌లో ఉంటుంది, దాన్ని తీసేయండి. ఐఫోన్ హాట్‌స్పాట్ అయితే ‘మాక్సిమైజ్ కంపాటిబిలిటీ’ ఆన్ చేస్తే 2.4లో ఇస్తుంది, పాత ఫోన్లకి అది అందుతుంది.

ఇవన్నీ అయ్యాకనే నెట్‌వర్క్ రీసెట్. ఆండ్రాయిడ్‌లో సిస్టమ్ కింద రీసెట్ ఆప్షన్స్‌లో, శామ్‌సంగ్‌లో జనరల్ మేనేజ్‌మెంట్ కింద రీసెట్‌లో, ఐఫోన్‌లో జనరల్ కింద ‘ట్రాన్స్‌ఫర్ ఆర్ రీసెట్’లో ఉంటుంది. ఫోటోలు, వాట్సాప్ పోవు. వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి, ఆండ్రాయిడ్‌లో జత చేసిన బ్లూటూత్ పరికరాలూ పోతాయి. ముందే పాస్‌వర్డ్‌లు రాసి పెట్టుకోండి. దానికీ లొంగకపోతే ఆండ్రాయిడ్‌లో, మీరు వేసుకున్న యాప్‌లు నడవని సేఫ్ మోడ్‌లో ఒక గంట వాడండి. అందులో బాగుంటే మీరు వేసుకున్న యాప్ ఏదో తగలెడుతోంది, ఎక్కువగా అది క్లీనర్, బూస్టర్ అన్న పేర్లతో వచ్చేదే.

ఫోన్ లోపలే పాడైతే

దీనికి ఒక తేలిక పరీక్ష ఉంది. కవరు తీసేయండి, కారు హోల్డర్ కోసం వెనక అంటించిన అయస్కాంతపు రేకు ఉంటే అదీ తీసేయండి. రౌటర్‌కి సరిగ్గా ఒక మీటరు దూరంలో, మధ్యలో ఏమీ అడ్డం లేకుండా నిలబడి డీబీఎం చూడండి. బాగున్న ఫోన్ −30 నుంచి −45 మధ్య చూపిస్తుంది. పక్కన ఇంకో ఫోన్ పెట్టి అదే బ్యాండ్‌లో పోల్చండి. అది −38 చూపించే చోట మీది −65 అంటుంటే యాంటెన్నా దారి తెగిందన్నమాట. స్క్రీనో బ్యాటరీయో మార్పించాక మొదలైన జబ్బయితే అనుమానమే అక్కర్లేదు. లోపల సన్నటి యాంటెన్నా తీగ కొసనున్న బటన్‌ని సరిగ్గా నొక్కలేదు, లేదా స్ప్రింగ్ కాంటాక్ట్ వంగింది. విప్పి నొక్కితే పోయేదానికి బోర్డు పాడైందని చెబితే ఒప్పుకోకండి.

వైఫై మీటే బూడిద రంగులోకి మారి కదలకపోవడం, వివరాల్లో వైఫై మ్యాక్ చిరునామా చోట ‘అన్‌అవైలబుల్’ అనో ఐఫోన్‌లో ‘ఎన్/ఏ’ అనో రావడం, ఫోన్ చల్లగా ఉన్నప్పుడు పనిచేసి వేడెక్కగానే పోవడం, ఇవి వైఫై చిప్ కింది టంకం పగిలిన గుర్తులు. కింద పడ్డ ఫోన్లలో, తడిసిన ఫోన్లలో ఎక్కువ. దాన్ని తీసి రీబాల్ చేయడమో, అంటే కింది టంకం చుక్కలు కొత్తగా వేయడమో, కొత్త చిప్ వేయడమో చేయాలి. మైక్రోస్కోప్ పెట్టుకుని బోర్డు పని చేసేవాళ్ళ దగ్గరికే వెళ్ళండి, హైదరాబాద్ ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్ లాంటి చోట్ల ఉంటారు. హీట్ గన్ పెట్టి కాస్త వేడి చేసి ఇచ్చే రిపేరు కొన్ని వారాలు నడిచి మళ్ళీ అదే పాట పాడుతుంది. వారంటీ ఉన్న ఫోన్‌ని మాత్రం బయట విప్పించకండి.

బోర్డు పనికి ఇచ్చేముందు డేటా బ్యాకప్ తీయండి. తీసుకునేటప్పుడు దుకాణంలోనే వైఫైకి కలిపి, రౌటర్ పక్కన కాకుండా పది మీటర్లు దూరం నడిచి వీడియో ఆడించండి. బ్లూటూత్ కూడా కలిపి చూడండి, చాలా ఫోన్లలో రెండూ ఒకే చిప్‌లో ఉంటాయి, ఒకటి బాగుపడి రెండోది పోవడం మామూలే. పావుగంట వాడి ఫోన్ వెచ్చబడ్డాక కూడా నిలిస్తే డబ్బులివ్వండి.